ఎంజీఎం దగ్గర గల్లీల అన్నం పెడ్తున్న వంటిల్లు – తెలిసినోళ్ళంత రాయున్రి

కాశిబుగ్గ_పోరడు:
అందరికి నమస్తే. మన వరంగల్ ముచ్చట్లంటే ఈడ రోడ్లు, నాలాలు, ట్రాఫిక్ ఇవే నడుస్తున్నయ్, ఒక మంచి ముచ్చట గూడ ఉండాలె కద అని ఈ చర్చ పెడ్తున్న. మన పెద్ద సర్కారు దవాఖాన ఎంజీఎంకు దగ్గర్ల, మెయిన్ రోడ్డు ఇడిసి లోపలికి పోతే ఒక పాత పెంకుటిల్లు ఉంటది. బోర్డు లేదు, ఫ్లెక్సీ లేదు, పేరు గూడ లేదు. పొద్దుగాల పదకొండున్నర అయ్యిందంటే గేటు తీస్తరు, ఎవలొచ్చినా చాపల మీద కూసోబెట్టి ఇస్తరాకేసి అన్నం పెడ్తరు. నీ పేరేంది, ఏ ఊరు, ఏమైతరు, కార్డున్నదా, ఎవల్ని తీస్కొచ్చినవ్ దవాఖానకు... ఒక్కటి అడుగరు. తిని, చెయ్యి కడుక్కొని పోవుడే.

దవాఖానల పేషెంటుకు తిండి వస్తది, మరి పక్కన ఉన్నోళ్ళ సంగతేంది? ఏటూరునాగారం, మంగపేట, భూపాలపల్లి, మానుకోట (మహబూబాబాద్), అటు ఆదిలాబాద్ దిక్కు నుంచి గూడ ఎంజీఎంకు వస్తరు, పేషెంటు ఒక్కరే రారు, ఎంబడి ఇద్దరు ముగ్గురు ఉంటరు, రెండు రోజులల్ల పోతమనుకొని వచ్చినోళ్ళు పదిహేను రోజులు ఉండాల్సొస్తది, తెచ్చుకున్న పైసలు బయట మందులకు, ఆటోలకు, ఫోన్ రీచార్జులకు అయిపోతయ్, ఇగ ఆఖరికి తగ్గిచ్చుకునేది కడుపే. ఛాయ్ బన్నుతోని దినాలు ఎల్లదీస్తరు. గది చూసే మా గల్లీ ఆడోళ్ళు ఈ పొయ్యి ముట్టిచ్చిన్రు. ఇప్పుడు దవాఖానోళ్ళే కాదు, బిడ్డలు దూరముండి ఒక్కళ్ళే ఉండే ముసలోళ్ళు, ఎనుమాముల మార్కెట్ల పని దొర్కని రోజు హమాలీలు, ఇండ్లల్ల పనిచేసే అక్కలు, అందరు వస్తున్నరు.

అన్నదానాలు మన ఊళ్ళె కొత్తేం కాదు, భద్రకాళి గుడి కాడ ఉన్నది, దర్గాల కాడ ఉన్నది. నాకు ఈ వంటింట్ల బాగ నచ్చేది ఏందంటే లైన్ల నిలబెట్టరు. ప్లేటు పట్టుకొని చెయ్యి చాపే పని లేదు. పెండ్లిల సుట్టాలు కూసున్నట్టు కూసుంటరు, వడ్డిచ్చేటోళ్ళే వంగుతరు. ఆకలైన మనిషిని వంగబెట్టొద్దు, పెట్టేటోడే వంగాలె, నేను ఆడ చూసింది గదే.

మీకు తెలిసింది రాయున్రి. వండే అక్క ఒకామె ఈ వేదికల ఉన్నది, ఆమెను గూడ పిలుస్తున్న.

గంటె_అక్క:
తమ్మి పిలిచిండు గని రాస్తున్న, ఫోన్ల టైపు చేసుడు నాకు జర లేటు. వంట గురించి అడుగుతరు గద అందరు, గదే చెప్త.

పొద్దుగాల ఆరు గంటలకు ఇద్దరం పోతం, పప్పు నానబెడ్తం, బియ్యం ఏరుడు కడుగుడు అయితది. 25 కేజీల బస్తా ఒక్కటి, సీజన్ల ఇంకింత. బయట కేటరింగోళ్ళు కేజీ బియ్యానికి ఎనిమిది తొమ్మిది మంది లెక్కేస్తరు, మా దగ్గర ఆ లెక్క నడ్వదు, ఆరుగురికే అయిపోతది, ఎందుకంటే పెండ్లికొచ్చినోళ్ళు నాల్గు రకాలు తిని అన్నం కొంచెం తింటరు, మా దగ్గరికొచ్చినోళ్ళు నిన్న మధ్యాహ్నం తిని మళ్ళ ఇయ్యాల్నే తింటున్నరు. అందుకే అన్నం ఎప్పుడు ఎక్కువ, కూర ఒక్కటే, చారు ఒకటి, మజ్జిగ. గంతే. రకాలు పెంచొద్దని ముందే అనుకున్నం, రకాలు పెంచితే మనిషికి అన్నం తగ్గుతది.

పెద్ద గంజుల ఎసరు పెట్టి, బియ్యం ముప్పావు ఉడికినంక వెదురు గంప మీద బట్టేసి వారుస్తం. గంజి పారబోయం. ఉప్పేసి, జీలకర్ర దంచి, కొంచెం మజ్జిగ కలిపి గిలాసలల్ల పోస్తం, దవాఖాన ముసలోళ్ళు అన్నం కంటె ముందు గంజే అడుగుతరు. పప్పు అంటే ఒకరోజు పాలకూర, ఒకరోజు తోటకూర, ఒకరోజు సొరకాయ, ఎండకాలం మామిడికాయ. గంగవాయిలి కూర దొర్కిన రోజు పండుగే, మా పల్లెల దిక్కోళ్ళు ఆకు చూసి మొఖం విచ్చుకుంటరు. ఎండకాలం మొత్తం పచ్చిపులుసు, దానికి పొయ్యి అక్కర్లేదు, చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, కొత్తిమీర, కాల్చిన పచ్చిమిరపకాయ, కొంచెం నువ్వుల పొడి, తాళింపు ఒక్కటేస్తే అయితది, గ్యాస్ మిగులుతది, తిన్నోళ్ళకు సల్లగుంటది. 2023 జులైల టమాట రేటు ఆకాశానికి పోయినప్పుడు నెల మొత్తం టమాట ముట్టలే, చింతపండుతోనే నడిపిచ్చినం, ఒక్కళ్ళు గూడ అడుగలే.

వడ్డిచ్చేటోళ్ళకు ఒకటే చెప్త. ఇంకొంచెం ఎయ్యాల్నా అని అడుగొద్దు. అడిగితే సాలు సాలు అంటరు, సిగ్గుపడి. గంటె పట్టుకొని వరుసల తిరుగుతనే ఉండాలె, ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టినప్పుడు ఆపాలె.

ఓరుగల్లు_పిల్ల:
అక్క, "రకాలు పెంచితే మనిషికి అన్నం తగ్గుతది" ఎంత మంచిగ చెప్పినవ్.

హన్మకొండ_టీచర్:
ఈ చర్చ చూసి చాలా సంతోషమైంది. నేను సాంఘికశాస్త్రం చెప్పేవాణ్ణి, రిటైర్ అయిన. మన ఓరుగల్లు వాళ్ళకు ఇది కొత్త కాదు అని ఒక ఆధారంతోని చెప్త. రాణి రుద్రమదేవి కాలంల, 1261ల ఏసిన మల్కాపురం శాసనం ఉన్నది, అది ఇప్పటి అమరావతి దగ్గర మందడం పక్కన దొరికింది. గోళకీ మఠం అనే శైవ మఠం గురువు విశ్వేశ్వర శివాచార్యులకు ఇచ్చిన ఊళ్ళ ఆదాయంల ఒక ప్రసూతిశాల, ఒక ఆరోగ్యశాల, ఒక విద్యాలయం, ఒక అన్నసత్రం నడపాలని అందుల ఉన్నది. ఆ సత్రంల బ్రాహ్మణుడు మొదలు చండాలుని దాక ఎవరొచ్చినా అన్నం పెట్టాలె, కాదనొద్దు అని రాయి మీద చెక్కిచ్చిన్రు. కులం ఎంత గట్టిగ ఉన్న రోజులో ఆలోచించున్రి. నేను క్లాసుల చెప్పినప్పుడల్ల పిల్లలకు ఒకటి చూపెడ్తుంటి, దవాఖాన ఉన్న దగ్గరనే సత్రం పెట్టిన్రు. రోగం వచ్చిన మనిషితోని ఇంకో మనిషి వస్తడని, వానికి ఆకలైతదని ఆ రోజుల్లనే తెలుసు. మన గల్లీ ఆడోళ్ళు ఆ శాసనం సదివి పెట్టలే పొయ్యి, కని ఎంజీఎం ముంగట అదే సంగతి కనిపిచ్చింది వాళ్ళకు.

కాశిబుగ్గ_పోరడు:
సార్ ఇది నాకు తెల్వనే తెల్వదు. రాసి వంటింటి గోడకు పెడ్త.

గోదారి_కోడలు:
మాది కోనసీమ అండి, పెళ్ళయ్యి హన్మకొండ వచ్చాను, ఇప్పుడు ఇదే నా ఊరు. మా వైపు డొక్కా సీతమ్మ గారి పేరు తలుచుకోకుండా అన్నదానం మాట ఎత్తరు. లంకల గన్నవరం ఆవిడది, 1841లో పుట్టి 1909లో పోయారు. గోదావరి పాయ వైనతేయం పక్క ఊరు కాబట్టి వరదలొస్తే ఊళ్ళకి ఊళ్ళు ఆకలితో ఉండేవి, రేవు దాటే బాటసారులు కూడా అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టేవారట, ఆవిడ లేచి పొయ్యి వెలిగించేవారట. ఒకసారి అంతర్వేది దర్శనానికి పల్లకీలో వెళ్తూ దారిలో ఆగితే, పక్కనే ఒక కుటుంబం పిల్లలతో "ఇంకాసేపు ఓర్చుకోండి, సీతమ్మ గారింటికి వెళ్ళిపోతున్నాం" అనడం చెవినపడి, ఆవిడ దర్శనం మానేసి పల్లకీ వెనక్కి తిప్పించి వాళ్ళకంటే ముందు ఇంటికి చేరి వండిపెట్టారని మా అమ్మమ్మ చెప్పేది. ఈ వంటింట్లో అక్కలని చూస్తే నాకు ఆవిడే గుర్తొస్తారు. నేను మంగళవారాలు కూరగాయలు తరగడానికి వెళ్తున్నాను, మీ పచ్చిపులుసు అక్కడే నేర్చుకున్నాను.

గంటె_అక్క:
వదినె నువ్వా! మంగళవారం ఆకుకూర గంత సన్నగ కోసేది నువ్వేనని నాకిప్పుడు తెలిసింది.

శివనగర్_విద్యార్థి:
ఒక ఐడియా. నాకు వీడియోలు ఎడిట్ చేసుడు వచ్చు, ఒక మంచి రీల్ చేస్తే వైరల్ అయితది, డొనేషన్లు బాగ వస్తయ్. తినేటోళ్ళతోని రెండు మాటలు మాట్లాడిచ్చి, వాళ్ళ కష్టం చెప్పిస్తే జనాలకు కనెక్ట్ అయితది. ఎప్పుడు రమ్మంటరు?

గంటె_అక్క:
వద్దు బిడ్డ. నీ మనసు మంచిదే, నాకు తెలుసు, కని ఒకటి చెప్త ఇను. ములుగు దిక్కు పిలగాడొకడు, తల్లిని తోల్కొచ్చిండు, రోజు వచ్చి మూలకు కూసొని తినేటోడు. ఒకరోజు ఎవరో బయటోళ్ళు సామాను ఇచ్చిపోనికి వచ్చి ఫోన్ తీసి ఫోటోలు తియ్యబట్టిన్రు. ఆ పిలగాడు మెడల ఉన్న తువ్వాల తీసి మొఖానికి కట్టుకున్నడు, అన్నం ముద్ద చేతులనే ఉన్నది, తువ్వాల కింది నుంచి తిననీకి రాక అట్లనే కూసున్నడు. తెల్లారి రాలే. మూడో రోజు నేనే దవాఖాన గేటు కాడికి పోయి చూసి తోల్కొచ్చిన, "ఫోన్లు బందు వెట్టినం, రా బిడ్డ" అని. అప్పటి సంది లోపల ఎవలు ఫోన్ తియ్యొద్దు. వాళ్ళు ఊళ్ళె వ్యవసాయం చేసుకునేటోళ్ళు, పది మందికి పెట్టినోళ్ళే, ఇయ్యాల దవాఖాన మీద పడి మన దగ్గర తింటున్నరు. ఊళ్ళోళ్ళు ఫోన్ల చూస్తే ఏమనుకుంటరని వాళ్ళకు ఉండదా?

కాజీపేట_రైల్వే:
అక్క మాటకు నేను పూర్తిగ ఒప్పుకుంట, కని ఇచ్చేటోళ్ళ దిక్కు గూడ చూడాలె. పైసలిచ్చినోనికి యాడికి పోతున్నయో తెల్వాలె గద. చూపియ్యకుంటే నమ్మకం ఎట్ల వస్తది?

కాశిబుగ్గ_పోరడు:
అన్న, గేటు పక్కన నల్లబోర్డు ఒకటున్నది చూడలేదా? నిన్నటి బియ్యం ఎంత, పప్పు ఎంత, నూనె ఎంత, గ్యాస్ బండ ఎప్పుడు మార్చినం, కూరగాయలకు ఎంతైంది, చేతుల ఎంత మిగిలింది, అన్ని సుద్దతోని రాసి ఉంటయ్. బిల్లులు దారానికి గుచ్చి పక్కన్నే వేలాడుతుంటయ్, ఎవలైన తిప్పి చూసుకోవచ్చు. ఇచ్చినోళ్ళ పేర్లు మాత్రం రాయరు. పుట్టినరోజుకని ఇచ్చినా, నాయన సంవత్సరీకానికని ఇచ్చినా, ఆరోజు వచ్చి వడ్డియ్యమంటరు, మైకుల పేరు సదువుడు ఉండదు. రీల్ చెయ్యాలనుంటే శివనగర్ తమ్మి ఆ బోర్డును తియ్యొచ్చు, పొయ్యిని తియ్యొచ్చు, అన్నం వార్చేది తియ్యొచ్చు, ఆవిరి లేస్తుంటే మస్తుంటది. తినేటోళ్ళు లేనప్పుడు, పొద్దుగాల ఎనిమిదింటికి రమ్మను.

శివనగర్_విద్యార్థి:
సరే అన్న, అట్లనే చేస్త. అక్క చెప్పింది సదివినంక ఇంకోలా చెయ్యబుద్ధి గూడ కాదు.

పోచమ్మమైదాన్_సేటు:
నాదొక మాట. ఊరికే పెడ్తే విలువుండదంటరు, ఐదు రూపాయలు పెడ్తే ఎట్లుంటది? హైద్రాబాద్ల జీహెచ్ఎంసీ (నగర కార్పొరేషన్) 2014ల ఐదు రూపాయల భోజనం పెట్టింది, హరేకృష్ణోళ్ళు వండి పంపిస్తరు. చెన్నైల 2013ల అమ్మ క్యాంటీన్ల రూపాయికి ఇడ్లీ. ఆంధ్రల అన్న క్యాంటీన్లు గూడ ఐదు రూపాయలే. తిన్నోనికి నేను కొనుక్కొని తిన్న అన్న ధైర్యముంటది కద.

గంటె_అక్క:
సేటు, గవి సర్కారు నడిపేటియి, రోజుకు వేలమంది, అక్కడ ఆ ఐదు రూపాయలు మంచిదే. మా కాడ గేటు దగ్గర ఐదు రూపాయలంటే, అవి గూడ లేనోడు గేటు దాక వచ్చి ఎనక్కి మల్లుతడు, మనకు తెల్వనే తెల్వదు. ఇయ్యాలనుకునేటోళ్ళకు డబ్బా ఉన్నది. గేటు కాడ పెట్టలే, ఎనక చేతులు కడుక్కునే కాడ గోడకు కొట్టినం, ఎవలేసిన్రో ఎవలెయ్యలేదో ఎవలికి కనపడదు. పేషెంటు బాగై ఇంటికి పొయ్యే రోజు శానమంది అండ్ల ఏసిపోతరు. పైసలు లేనోళ్ళు తెల్లారి ఇంటికాడ్నించి పల్లికాయ, మక్కకంకులు, చింతపండు పంపిస్తరు బస్సుల.

పోచమ్మమైదాన్_సేటు:
డబ్బా సంగతి తెల్వది అక్క. మంచిగున్నది. మా దుకాణం నుంచి నెలకొక నూనె డబ్బా పంపిస్త, బోర్డు మీద నూనె అని మాత్రమే రాయున్రి.

మానుకోట_రైతు:
అక్క, రేషన్ల ఇప్పుడు సన్నబియ్యం వస్తున్నయ్ గద, 2025 ఉగాది సంది మనిషికి ఆరు కేజీలు. మా దిక్కు కొందరు తక్కువకు ఇస్తమంటున్నరు, కొనొచ్చునా?

కాశిబుగ్గ_పోరడు:
వద్దు కాక. రేషన్ బియ్యం కొనుడు అమ్ముడు కేసైతది, మంచి పనికని చెప్పినా ఇనరు. మేము మిల్లు కాడ బిల్లుతోటే తీసుకుంటం. నీ పొలంల పండినయి పంపు, అవి ఎన్నైనా తీసుకుంటం.

మానుకోట_రైతు:
యాసంగివి వచ్చినంక పట్టిచ్చి పంపిస్త బిడ్డ.

కేటరింగ్_అన్న:
నేను ఫంక్షన్ హాళ్ళకు వంట పట్టుకుంట. మిగిలిన అన్నం వీళ్ళకే ఇయ్యాలని చూస్త, కని రెండు మూడు సార్లు మేం తీసుకోం అన్నరు, మొదట్ల నాకు బాధైంది. తర్వాత నర్సు సిస్టర్ చెప్పింది ఎందుకో. ఆమె ఈడ ఉంటే రాయాలె.

నర్సు_సిస్టర్:
ఉన్న అన్న. అందరికి పనికొస్తది గనుక వివరంగ రాస్త. అన్నంల బాసిల్లస్ సెరియస్ అని ఒక సూక్ష్మజీవి ఉంటది, దాని విత్తనాల అసొంటివి బియ్యంలనే ఉంటయ్, ఉడికిచ్చినా సావయ్. అన్నం గోరువెచ్చగ గంటల తరబడి పడి ఉంటే అవి పెరిగి విషం తయారు చేస్తయ్, ఆ విషం మళ్ళ వేడి చేసినా పోదు. వాసన రాకపోవచ్చు, చూస్తే మంచిగనే కనిపిస్తది, తిన్న కొన్ని గంటలకే వాంతులు. ఎండకాలం మన వరంగల్ ఎండకు చెప్పనే అక్కర్లేదు. అందుకే రూల్ ఏంది, వేడి వేడి అన్నం అరవై డిగ్రీల పైన ఉన్నప్పుడే హాట్ బాక్సుల నింపి పంపాలె, లేకుంటే వండిన రెండు గంటలల్ల తినే ఆకులకు చేరాలె. టేబుల్ మీద బఫేల పెట్టి జనం గంటెలు ముంచింది తీసుకోరు, గంజుల ముట్టకుండ మిగిలింది తీసుకుంటరు. పెరుగన్నం, కొబ్బరి చట్నీ, మాంసం, పాలతోని చేసిన స్వీట్లు అస్సలు తీసుకోరు. పులిహోర తీసుకుంటరు, చింతపండు పులుపుకు తొందరగ పాడుగాదు. ఇక్కడ తినేటోళ్ళు ఇప్పటికే దవాఖానల బాధల ఉన్నరు, వాళ్ళకు విరేచనాలు పట్టుకుంటే పేషెంటును ఎవరు చూస్తరు? మిగిలిన తిండి ఎట్ల సేకరించాలె, ఎట్ల పంచాలె అన్నదానికి ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశంల ఆహార భద్రత చూసే సర్కారు సంస్థ) 2019ల నిబంధనలు గూడ పెట్టింది, సదువున్రి.

కేటరింగ్_అన్న:
అది తెలుసుకున్నంక నేను పద్ధతి మార్చిన. హాల్ల వడ్డన మొదలుగాక ముందే ఒక గంజు అన్నం, ఒక గంజు పప్పు పక్కకు తీపిస్త, వేడి మీదనే మూత బిగిచ్చి పంపిస్త, పెండ్లోళ్ళకు ముందే చెప్త, ఒక్కళ్ళు గూడ కాదనలే, ఇంకా సంతోషపడ్తున్నరు. ఇంకొకటి నేను గమనిచ్చింది, పెండ్లిల్ల మీద ఆధారపడి వంటిల్లు నడ్వదు. మాఘం, ఫాల్గుణం, వైశాఖంల ముహూర్తాలు ఒక్కటే తీరు ఉంటయ్, గంజులకు గంజులు మిగులుతయ్. ఆషాఢం రాంగనే పెండ్లిల్లు బంద్. ఆ టైములనే వానలు పడి మలేరియా, డెంగ్యూ, వైరల్ జరాలు, మన్యం దిక్కు నుంచి జనాలు ఎంజీఎంకు ఎక్కువొచ్చేది గప్పుడే. అంటే మనకాడ మిగిలినప్పుడు వాళ్ళకు అవసరం తక్కువ, వాళ్ళకు అవసరమున్నప్పుడు మనకాడ ఏం లేదు. అందుకే నేను ఇప్పుడు పెండ్లిల సీజన్ల పైసలు కొన్ని తీసిపెట్టి ఆషాఢం, శ్రావణం మొదట్ల బియ్యం కొనిస్తున్న. కేటరింగ్ చేసే మనోళ్ళు ఇంకెవలన్న ఉంటే ఆ రెండు నెలలు పంచుకుందాం.

హసన్‌పర్తి_కేటరింగ్:
నేనున్న అన్న. శ్రావణం నాకు రాసుకో.

మండిబజార్_భాయ్:
అస్సలాం వాలేకుం, నమస్తే అందరికి. ఈ వంటింటి గురించి మా మొహల్లల గూడ మస్తు ఇజ్జత్ ఉన్నది. రంజాన్ నెలల దవాఖానల పేషెంట్ల ఎంబడి ఉండే మా అటెండెంట్లకు సహరీ, అంటే రోజా మొదలుగాక ముందు తినే తిండి, పెద్ద కష్టం, తెల్లారుజామున నాల్గింటికి తిండి యాడ దొర్కుతది, హోటళ్ళు పేషెంటు వార్డుకు దూరం, లేడీస్ అయితే బయటికి రాలేరు. పోయినసారి మా పోరగాండ్లు వచ్చి గంటె అక్కను అడిగితే ఆమె తాళంచెవి ఇచ్చేసింది, "పొయ్యి మీది, గంజులు మీయి, కడిగి పెట్టున్రి" అన్నది. నెల మొత్తం రాత్రి రెండింటికి మేమొచ్చి వండినం, ఖిచ్డీ, ఖట్టా (చింతపండు పులుసు), కోడిగుడ్డు. మొదట్ల ముస్లిం అటెండెంట్ల కోసమే అనుకున్నం, కని నైట్ డ్యూటీ ఆటో అన్నలు, వాచ్‌మెన్లు, ఐసీయూ బయట నిద్రలేకుండ కూసున్న అమ్మలు అందరు రాబట్టిన్రు, వాళ్ళకు గూడ పెట్టినం. పొద్దుగాల ఆరింటికి అక్కలు వచ్చేసరికి పొయ్యి తుడిచి, పప్పు నానబెట్టి పోయేటోళ్ళం.

గంటె_అక్క:
గంజులు మేము కడిగినదానికంటె మంచిగ కడిగిన్రు భాయ్. ఖట్టా ఎట్ల చేస్తరో మా చెల్లెండ్లు నేర్చుకున్నరు, ఇప్పుడు శుక్రవారం అదే.

నిర్మల్_నివాసి:
2020 లాక్‌డౌన్ల మా దిక్కు నాగ్‌పూర్ హైవే మీద నడుసుకుంట పోయినోళ్ళను చూసిన మేము, పిల్లలను భుజాల మీద ఏసుకొని మహారాష్ట్ర దాటి యూపీ, బీహార్ దాక పోయేటోళ్ళు. రోడ్డు పక్క ఊళ్ళన్ని గంజులు పెట్టినయ్. పిలవకుండనే సర్దార్జీలు గూడ నాందేడ్ దిక్కు నుంచి వచ్చి లంగర్ (వాళ్ళ అన్నదానం) పెట్టిన్రు. మాకు నాందేడ్ దగ్గరనే, గురుద్వారకు ఎవలు పోయినా కింద కూసోబెట్టి రొట్టె రెండు చేతులల్ల పెడ్తరు, చెప్పులు తుడిచే కాడ గూడ పెద్ద పెద్దోళ్ళు కూసొని సేవ చేస్తరు. వరంగల్ల గదే తీరు సదువుతుంటే కండ్లల్ల నీళ్ళొచ్చినయ్.

డాలస్‌ల_ఓరుగల్లు:
హన్మకొండలో పుట్టి పెరిగి ఇక్కడ ఉంటున్నాను. మా ఫ్రెండ్స్ కొందరం కలిసి నెలనెలా పంపుదామనుకుంటున్నాం. అకౌంట్ నంబర్ ఇవ్వగలరా?

కాజీపేట_రైల్వే:
అన్న, మనసుకు దండం. ఒక్క సంగతి చూసుకోవాలె. మా తమ్ముడు ఆడిటర్ దగ్గర చేస్తడు, అడిగిన. ఇండియా పాస్‌పోర్టు ఉన్నోళ్ళు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. మీల ఎవలన్న అమెరికా సిటిజన్ అయ్యుంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనోళ్ళకు ఇచ్చే కార్డు) ఉన్నా సరే, ఎఫ్‌సీఆర్ఏ అనే విదేశీ విరాళాల చట్టం కింద విదేశీ విరాళమే అయితది, దానికి పర్మిషన్ లేకుండ తీసుకోనీకి రాదు. ఈ వంటింటికి అసొంటి రిజిస్ట్రేషన్ లేదు. అందుకని మీ అమ్మానాయన హన్మకొండలనే ఉంటే, వాళ్ళను ఒకసారి వచ్చి చూడమనున్రి, వాళ్ళకు నచ్చింది వాళ్ళ చేతులతోని ఇయ్యమనున్రి.

డాలస్‌ల_ఓరుగల్లు:
చాలా థాంక్స్ అన్నా, ఇది మాకు తెలియదు. అమ్మకి ఫోన్ చేశాను, రేపే వెళ్తానంటోంది. మా అమ్మ సకినాలు బాగా చేస్తుంది, సంక్రాంతికి చేసి తెస్తానని కూడా చెప్పమంది.

మంచిర్యాల_బొగ్గుబాయి:
అన్నలు అక్కలు, మా దిక్కు గూడ ఇట్ల ఒకటి పెట్టాలని మా సింగరేణి రిటైర్డ్ దోస్తులం పదిమందిమి అనుకుంటున్నం. పెద్ద దవాఖాన కాడ గదే పరిస్థితి. ఎట్ల మొదలుపెట్టాలె, ఏమేం కావాలె, జర చెప్పున్రి. మేము ఆదివారం ఆదివారం పెడ్దామనుకుంటున్నం.

కాశిబుగ్గ_పోరడు:
కాక, అన్నిటికంటె ముందు ఆ ఆదివారం సంగతే మాట్లాడుకుందాం. వారానికి ఒక్కరోజు బిర్యాని పెట్టేకంటె, రోజు పప్పన్నం పెట్టుడు నయం. అటెండెంటుకు మంగళవారం గూడ ఆకలైతది. రోజు పెట్టలేమనుకుంటే నలభై మందికే పెట్టున్రి, కని రోజు పెట్టున్రి, ఫలానా టైముకు ఫలానా కాడ అన్నం ఉంటదన్న భరోసా ఉంటే వాళ్ళు ఆ దినం పైసలు మందులకు పెట్టుకోగలరు. మేము మొదట్ల గంజి, పచ్చడన్నంతోనే మొదలుపెట్టినం.

కాయితాల సంగతంటే, ఆహార భద్రత చట్టంల లాభం కోసం చేసినా లాభం లేకుండ చేసినా అది ఫుడ్ బిజినెస్ కిందనే లెక్క, అందుకని ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ చేపిచ్చుకోవాలె. చిన్నోళ్ళకు సంవత్సరానికి వంద రూపాయలే, ఆన్‌లైన్లనే అయితది, భయపడేదేం లేదు. గ్యాస్ ఇంటి బండ పెట్టొద్దు, 19 కేజీల కమర్షియల్ బండే తీసుకోవాలె, ఖర్చు ఎక్కువే, కని ప్రమాదం జరిగితే మన పక్కన ఎవలు నిలబడరు. నీళ్ళు ముఖ్యం, తాగే నీళ్ళకు వేరే డ్రమ్ము, చేతులకు వేరే, సబ్బు ఎప్పుడు ఉండాలె.

గంటె_అక్క:
తమ్మి ఒకటి మర్చిపోయిండు. డబ్బాలు. కొంతమంది సగం తిని సగం అట్లనే ఉంచుతరు, మేము అన్నం నచ్చలేదేమో అనుకునేటోళ్ళం. ఒక పెద్దవ్వ, ఏటూరునాగారం అవతలి నుంచి వచ్చింది, ఆమె ఆకు మీదున్న అన్నం కొంగుల మూట కట్టుకుంటుంటే మా చెల్లె చూసింది. వార్డుల మనుమరాలు ఉన్నదట, దాని పక్కన ముసలాయన కూసున్నడట, పిల్లను ఇడిసి రాలేడు, ఆయనకని. అప్పటి సంది గేటు కాడ స్టీలు డబ్బాలు కడిగి పేర్చి పెడ్తున్నం. ఎందుకు, ఎవలికి అని అడుగం. తీసుకోవాలనుకున్నోళ్ళు తీసుకుంటరు, అన్నం ఒకటి, పప్పు ఒకటి నింపిస్తం, మళ్ళ రేపు తెస్తరు. డబ్బాలు పోతయేమో అని మస్తు మంది భయపెట్టిన్రు, పోయినయి శాన తక్కువ, తిరిగొచ్చేటియి మాత్రం కడిగి వస్తయ్. కాక మీరు పెట్టేనాడు డబ్బాలు మొదటిరోజే కొనున్రి.

మంచిర్యాల_బొగ్గుబాయి:
రాసుకున్న బిడ్డ, అన్ని రాసుకున్న. ఆదివారం మాట ఎనక్కి తీసుకుంటున్నం, రోజు పెడ్తం. మా ఇంటామె వాళ్ళ మహిళా సంఘం పదిమంది గూడ వస్తమన్నరు. ముందు ఒకసారి మీ దగ్గరికొచ్చి రెండు రోజులు పని చేసి నేర్చుకోని పోవచ్చునా?

గంటె_అక్క:
రాండ్రి కాక, మా ఇంట్లనే ఉండున్రి. ఆడోళ్ళను ఎక్కువ తోల్కరాండ్రి, వార్చుడు మీకు చేతకాదు, గంజు బరువు ఉంటది, ఇద్దరు ఒక్క తాళం మీద వంచాలె, చూస్తెనే వస్తది.

నయీంనగర్_వాడు:
ఎవ్వరు రాయలేదు గనుక నేను రాస్తున్న. 2020 ఆగస్టుల నాలా పొంగి మా కాలనీ ఇండ్లల్ల నడుములోతు నీళ్ళు, 2023 జులైల మళ్ళ గట్లనే. రెండుసార్లు మా మిద్దెల మీదికి తాళ్ళతోని పులిహోర పొట్లాలు ఎక్కిచ్చింది ఈ అక్కలే, ట్రాక్టరు మాట్లాడుకొని వచ్చిన్రు. కరెంటు లేదు, తాగనీకి నీళ్ళు లేవు, ఆ పొట్లంల పులిహోరతోపాటు ఉప్పు బెల్లం కలిపిన నీళ్ళ సీసా గూడ పెట్టిన్రు. ఆ బెల్లం మేడారం జాతరల మొక్కు తీర్చుకున్నోళ్ళు తెచ్చి ఇచ్చిన బంగారమే (ఆడ బెల్లాన్ని గట్లనే అంటరు) అని తర్వాత తెలిసింది. మా కాలనీ నుంచి అప్పటి సంది ప్రతి నెల కందిపప్పు పోతది.

ఓరుగల్లు_పిల్ల:
నేను, మా హాస్టల్ పిల్లలు వద్దామనుకుంటున్నం, కేయూల (కాకతీయ యూనివర్సిటీల) సదువుతున్నం. పైసలియ్యలేం, పని చేస్తం. ఎప్పుడు రావాలె అక్క?

గంటె_అక్క:
శనివారం మాపటికి రాండ్రి బిడ్డ, ఆరు గంటలకు. ఆదివారం కోడిగుడ్ల పులుసు ఉంటది, గుడ్డు తిననోళ్ళకు ఆలుగడ్డ వేరే గంజుల. ఉల్లిగడ్డలు రెండు బస్తాలు పొట్టు తియ్యాలె. చాకులున్నయ్, పీటలు తక్కువున్నయ్. హాస్టల్ గేటు బందయ్యే లోపట పంపిస్తం, ఆటో మాట్లాడి పెడ్త.

ఓరుగల్లు_పిల్ల:
ఆరుగురం వస్తున్నం అక్క. పీటలు మెస్సుల అడిగి తెస్తం.